మ్యాప్‌లోంచి మాయమైన గౌన్ల దుకాణం కోసం ఆదిలాబాద్ దాకా

పెళ్ళి గౌన్లు కుట్టే దుకాణం నాది. కరీంనగర్‌లో ఒక సందు చివర, మేడ మీద ఉంటుంది. మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగంమంది ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ వచ్చేవాళ్ళే. చొప్పదండి, ఖానాపూర్, నిర్మల్ చర్చి సంఘాల పెళ్ళికూతుళ్ళు తల్లుల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఈస్టర్ ముందు నలభై రోజులు మాలో పెళ్ళిళ్ళు ఉండవు. ఆ రోజుల్లోనే కొలతలు ఇచ్చి పోతారు, పండుగ దాటగానే పెళ్ళిళ్ళు మొదలవుతాయి. నా ఏడాది బతుకు ఆ నలభై రోజుల్లోనే తేలిపోతుంది.

ఈసారి సరిగ్గా ఆ రోజుల్లోనే నా దుకాణం మ్యాప్‌లో కనబడకుండా పోయింది. నిర్మల్ నుంచి ఒకామె ఫోన్ చేసి, "దుకాణం బంద్ చేసిన్రా అమ్మా? ఎంత ఎతికినా వస్తలేదు" అని అడిగేదాకా నాకు తెలియదు. నేనే వెతికి చూశాను. నా పేరు లేదు. పెళ్ళి గౌన్లని కొడితే అన్నిటికంటే పైన ఆదిలాబాద్‌లోని సుగుణ దుకాణం వచ్చింది. అందులో మొదటి ఫోటో నేను కుట్టిన గౌనుది. చేతి అంచున ఏడు గుండీలు వరసగా పెట్టేది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. ఇంకేం రుజువు కావాలి?

సుగుణ నా దగ్గర పదకొండేళ్ళు పనిచేసింది. మూడేళ్ళ కిందట ఖరీదైన లేసు చుట్ట ఒకటి కనబడకపోతే, దుకాణం నిండా గిరాకీ ఉండగా ఆమె సంచి విప్పించి చూశాను. ఏమీ దొరకలేదు. ఆమె సంచి మళ్ళీ సర్దుకుని మిషన్ ముందు కూర్చుంది. నెల తిరక్కుండానే భర్తకు ఆదిలాబాద్ బదిలీ అయిందని చెప్పి వెళ్ళిపోయింది. ఆ బదిలీ నిజమేనా అని ఆయన ఆఫీసులో తెలిసినవాళ్ళ ద్వారా కనుక్కున్నాను కూడా. నా స్వభావం అటువంటిది. లేసు చుట్ట తర్వాత మిషన్ వెనకాల గోడ సందులో దొరికింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, సుగుణకు అసలే చెప్పలేదు.

పోయిన జనవరిలో ఒక శుక్రవారం, ఒక్క సాయంత్రమే నలభై మంది నా దుకాణానికి ఐదేసి స్టార్లు ఇచ్చారు. అంతా ఇంగ్లీషులో ఉంటే చదవలేదు గానీ స్టార్లు లెక్కపెట్టుకుని మురిసిపోయాను. అది చూసి ఓర్వలేకనే సుగుణ ఫిర్యాదు పెట్టి ఉంటుందని ఇప్పుడు అర్థమైంది. ఫోన్‌లో అడిగితే తప్పించుకుంటుంది, మొహం మీదే అడగాలి. మంగళవారం తెల్లవారుజామున బయలుదేరాను.

కరీంనగర్ బస్టాండులో ఆరుంబావుకు జగిత్యాల ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకు సున్నా టికెట్, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టర్ నా కార్డును వెలుతురుకు పెట్టి చూశాడు.

"గీ ఫోటో మీదేనా అమ్మా?"

"కాకపోతే ఎవలది? పక్కింటామెదా?" అన్నాను.

నవ్వుతూ టికెట్ చింపి ఇచ్చాడు. మనిషిని చూడగానే నమ్మడానికి వీళ్ళకేం రోగం అని జగిత్యాల దాకా గొణుక్కుంటూనే ఉన్నాను.

ఏడున్నరకు జగిత్యాల. అక్కడ ఖానాపూర్ మీదుగా నిర్మల్ పోయే బస్సు సిద్ధంగా ఉంది. వెళ్ళాలనుకునేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, ఎండ తక్కువ. పక్క సీటులో పసుపు రాసిన పాదాలతో ఒకామె కూర్చుంది, భర్త దుబాయిలో ఉంటాడట. పూరీలు, ఆలుగడ్డ కూర విప్పి ఆమెకూ పెట్టాను. తినేవాళ్ళు నిజం చెప్తారని నా నమ్మకం. నా కథంతా విని ఆమె, "గిట్టనోళ్ళే చేసి ఉంటరు అక్కా. మనం జర మంచిగ బతికితే ఎవలు ఓరుస్తరు?" అంది. నాకు కావలసిన మాట అదే. ఇంకో పూరీ వేశాను.

గోదావరి వంతెన దాటుతుంటే నీళ్ళు పాయలుగా చీలి ఇసుక తేలి ఉంది. పదింటికి ఖానాపూర్‌లో ఆమె దిగిపోయింది, కొయ్యబొమ్మల అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని నిర్మల్ పెద్దమనిషి ఒకాయన ఎక్కాడు. బొమ్మల దుకాణం ఆయనది. మ్యాప్ మాట ఎత్తగానే ఆయనకు కోపం వచ్చింది.

"నా దుకాణం బజార్ల ఉంటే మ్యాపుల మురికి మోరి అవతల చూపిస్తది. వచ్చినోళ్ళు మోరి కాడ నిలవడి ఫోన్ చేస్తరు. ఎవడు చేసిండో నాకెర్కలేదా?"

"ఎవరు?"

"పక్కోడు!" అన్నాడు ఖచ్చితంగా. తర్వాత కొంచెం ఆగి, "మరి ఆని దుకాణం గూడ మోరి అవతల్నే చూపిస్తది. గదే సమజైతలేదు" అన్నాడు.

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. పక్కవాడు మహా గడుసువాడు, అనుమానం రాకుండా తన దుకాణాన్నీ జరుపుకున్నాడు అనుకున్నాను.

పదకొండుంబావుకు నిర్మల్. బస్టాండు బయట చాయ తాగి, పావుగంటలో ఆదిలాబాద్ బస్సెక్కాను. ఘాట్ రోడ్డులో టేకు చెట్లన్నీ ఆకు రాల్చి ఉన్నాయి, మధ్యమధ్య మోదుగులు ఎర్రగా పూశాయి. చూడదగిన దారి. నేను మాత్రం సుగుణను అడగబోయే మాటలు వరస పెట్టుకుంటున్నాను. ఈ నెలలో ఇద్దరు పెళ్ళికూతుళ్ళు వచ్చి, ఎవరు చెప్పారంటే "ఆదిలాబాద్‌ల చెప్పిన్రు" అన్నారు. నా డిజైన్లు చూసి రమ్మని సుగుణే పంపిందని కనిపెట్టి, వాళ్ళకు డిజైన్ల పుస్తకం చూపించలేదు. అది కూడా అడగాలి.

రెండింటికి ఆదిలాబాద్‌లో దిగాను. ఆటో అతనికి ఫోన్‌లో మ్యాప్ చూపించబోయాను. "మ్యాప్ ఎందుకు తాయీ, గౌన్ల సుగుణక్క గదా? మా బిడ్డ పెండ్లికి ఆమెనే కుట్టింది" అన్నాడు. ఆటోవాళ్ళకు కూడా చెప్పి పెట్టుకుందన్నమాట.

చిన్న దుకాణం. గాజు తలుపు వెనక బొమ్మకు అదే గౌను తొడిగి ఉంది, ఏడు గుండీలతో. సుగుణ నన్ను చూసి కత్తెర కింద పెట్టింది. నేను కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు.

"నా గౌను నీ దుకాణంల ఎట్ల ఉన్నది?" అన్నాను.

సుగుణ నా మొహం వంక చూసింది. "గది నా పెండ్లి గౌను అక్కా. నువ్వు కుట్టిచ్చినవ్ గదా. వచ్చినోళ్ళందరికీ మా అక్క కుట్టిందని చెప్త."

వందల గౌన్లు కుట్టిన చేయి, ఇదొక్కటి ఎవరికి కుట్టిందో మరిచిపోయింది. అయినా అంత తొందరగా ఓడిపోయే మనిషిని కాను. "మరి నా దుకాణం మ్యాపుల నుంచి ఎవలు తీసిన్రు?" అన్నాను.

"ఫోన్ ఇటియ్యి" అంది.

నేను ఎన్నడూ తెరవని మెయిల్ తెరిచింది. అందులో మూడు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. నమ్మదగని రివ్యూలు వచ్చాయి, దుకాణం నిజంగా ఉందని కాగితాలు చూపించండని మొదటి రెండూ, జవాబు లేదు కాబట్టి కనబడకుండా చేశామని మూడోదీ. తర్వాత ఆ నలభై రివ్యూలు తీసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"'గౌను నాకు సరిగ్గ సరిపోయింది. నడుము కాడ చానా మంచిగున్నది.' రాసింది యాకోబు అట అక్కా. ఫోటోల ఇంత ఇంత మీసాలున్నయి."

రెండోదీ అట్లాంటిదే. మూడో ఆయన ముసుగు కూడా బాగుందని రాశాడు. అందరూ ఒకే సాయంత్రం రాశారు, వాళ్ళు రాసిన మిగతా రివ్యూలన్నీ మస్కట్ దుకాణాలవే. నా తమ్ముడు దానియేలు ఉండేది అక్కడే. వెంటనే ఫోన్ చేశాను.

"అవునక్కా! క్రిస్మస్‌కు నువ్వే అంటివి గదా, నా దుకాణానికి ఏమన్న చెయ్యరా అని. శుక్రారం చర్చిల ప్రార్థన అయినంక అందరినీ కూసోబెట్టి రాయించిన. ఏం, గిరాకీ పెరిగిందా?" అన్నాడు సంబరంగా.

ఫోన్ పెట్టేశాను. ఎడారి ఎండలో గోడలు కట్టే నలభై మంది మగవాళ్ళు, సెలవు పూట కూర్చుని, నా కోసం పెళ్ళికూతుళ్ళయ్యారు.

సుగుణ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత సర్దుకుని పని మొదలుపెట్టింది. ఆమె దుకాణం కూడా ఒకసారి ఇట్లాగే మాయమైందట. పేరు పక్కన ఆదిలాబాద్, నిర్మల్, బెస్ట్ అని తోక తగిలిస్తే తీసేశారట. దుకాణం పేరు బోర్డు మీద ఎట్లా ఉంటే మ్యాప్‌లో అట్లాగే ఉండాలి. బోర్డు, సందు, మెట్లు, లోపలి మిషన్లు ఒకే వీడియోలో తీయాలి, కరెంటు బిల్లు జతచేయాలి. మస్కట్ వాళ్ళు రాసినవన్నీ తీసేయాలి. తొడుక్కున్నవాళ్ళను మాత్రమే రాయమనాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చింది.

"ఎన్ని దినాలు పడ్తదో చెప్పలేం. ఫికర్ జెయ్యకు. అప్పటిదాంక కరీంనగర్ దిక్కు గిరాకీ వస్తే నీ కాడికే తోలుత. మొన్న ఇద్దరిని తోలిన, రాలేదా?"

వచ్చారని చెప్పాను. పుస్తకం దాచానని చెప్పలేదు.

లాడ్జిలో ఉంటానంటే ఒప్పుకోలేదు, ఇంటికి తీసుకుపోయింది. జొన్నరొట్టె, వంకాయ కూర వండి పెట్టింది. మూడేళ్ళలో ఆ లేసు చుట్ట మాట ఆమె ఎత్తలేదు, ఆ పూట కూడా ఎత్తలేదు. అది దొరికిందని చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ కూర బాగుందన్నాను.

మర్నాడు ఏడింటి బస్సుకు ఎక్కించి, కిటికీలోంచి మల్లెపూలు ఇచ్చింది. ఘాట్ దిగేటప్పుడు మోదుగు పూలు ఈసారి బాగా కనిపించాయి. పదకొండేళ్ళు నా దగ్గర పనిచేసిన మనిషిని నేను అనుమానించాను. నన్ను కండక్టరూ, మ్యాపూ అనుమానించారు. వాళ్ళిద్దరూ కనీసం ముందు కాగితం చూపించమని అడిగారు.

నిర్మల్‌లో బస్సు పది నిమిషాలు ఆగింది. ఫోన్‌లో సుగుణ దుకాణం పేజీ తెరిచి, నా జీవితంలో మొదటి రివ్యూ రాశాను. ఐదు స్టార్లు పెట్టాను. "ఈమె పని బంగారం. పదకొండేళ్ళు నా దగ్గర చేసింది. అప్పుడు పోయిందన్న లేసు చుట్ట నా మిషన్ వెనకనే దొరికింది. ఈమె తీయలేదు. తప్పు నాది. ఎస్తేరు, కరీంనగర్."

ఖానాపూర్ దాటి గోదావరి వంతెన మీద ఉండగా ఫోన్ మోగింది.

"అక్కా, గది తీసెయ్యి. గిరాకీ మొత్తం సదువుతరు" అంది సుగుణ.

"ఉండనియ్యి" అన్నాను. "నీ సంచి అందరి ముందట్నే విప్పించిన గద."