కుడిది నొక్కిన మా అత్త

"అత్త పోయిందమ్మా" అని నాన్న ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. నేను ఉద్యోగం చేసే ఊర్లో బస్సెక్కి, కర్నూలులో దిగి, షేర్ ఆటోలో కల్లూరు చేరుకునేసరికి మా ఇంటి ముందు షామియానా వేసేశారు. చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టానో లేదో, ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని "పాపం, ఏం సుఖపడిందమ్మా మీ అత్త!" అంది. ఆ వెనకే ఇంకొకామె, ఇంకొకామె. అందరి నోటా అదే మాట. పాపం.

ఆ మాటంటే అత్తకు ఒళ్లు మంట. "నన్ను సూసి పాపమనేటోళ్లకు వేరే పనేం ల్యాదా?" అనేది. పెళ్లైన కొత్తలోనే మామ పోయాడు. పిల్లల్లేరు. అన్న ఇంట్లోనే ఉండిపోయింది. ఊరికి తెలిసింది ఆ మూడు ముక్కలే. కర్మ నాడు ఆమె ఫోటో కింద ఏం రాయించాలని మాట వచ్చినప్పుడు బంధువులంతా "త్యాగమయి" అన్నారు. నేను వద్దన్నాను. మరేం రాయమంటావని అడిగారు. "బాగా ఆడుకుంది అని రాయించండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వులాటకు అనలేదు.

ఏం ఆడుకుందో చెప్తాను, వినండి.

అప్పుడు మేం కర్నూలు పాతఊర్లో ఉండేవాళ్లం. ముందు అంగడి, వెనక ఇల్లు. నాన్నది ఎండుమిర్చి, చింతపండు టోకు వ్యాపారం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అంగడి లెక్కల కోసమని ఆయన ఒక కంప్యూటర్ కొన్నాడు. అంగట్లో పెడితే మిరపకాయల దుమ్ముకు పాడవుతుందని ఎవరో భయపెట్టారు. దాంతో అది మా నడిమింట్లోకి వచ్చింది. అమ్మ పాత చీర చించి దానికి ముసుగు కుట్టింది. ఆయుధపూజ నాడు తెరకు సరిగ్గా నడుమ కుంకుమబొట్టు పెట్టారు. ఎవరికీ తుడిచే ధైర్యం లేక అది చాన్నాళ్లు అలాగే ఉండిపోయింది. నేను మొట్టమొదట నడిపిన కారు ఆ బొట్టు వెనక నుంచే పోయింది.

కార్ల ఆట సీడీ నా స్నేహితురాలిది. మధ్యాహ్నం నాన్న భోంచేసి నడుం వాల్చే వేళ మా ఆట మొదలయ్యేది. కారు మలుపు తిరిగితే నేనూ కుర్చీలో ఆ పక్కకే వాలిపోయేదాన్ని. వెనక నిలబడి చూసే అత్త కూడా, చీరకొంగు పళ్లతో కరుచుకుని, అటే ఒరిగిపోయేది. "అయ్యో అయ్యో, గోడకు కొట్టిస్తాండావు గదమ్మే!" అని కేక వేసి, నాన్న లేస్తాడేమోనని తనే నోరు మూసుకునేది. అలా చూసీ చూసీ ఒక రోజు, "లెయ్యి, ఈడ నేను కూచ్చుంటా" అంది.

ఆమె నడిపే తీరే వేరు. పందెం మొదలుకాగానే కార్లన్నీ దూసుకుపోతే, ఆమె తీరిగ్గా బండి వెనక్కి తిప్పి ఎదురు దిక్కున పోయేది. తెర మీద ఎర్రటి అక్షరాలు టపటపా కొట్టుకునేవి.

"ఏమంటాంది అది?"

"తప్పు దారి అంటాంది అత్తా."

"అననీలే" అనేది. ఆ ఆటలో ఒకచోట సముద్రం కనపడేది. అక్కడికి పోయి కారు ఆపి చూస్తూ కూర్చునేది. ఆమె సముద్రం చూసింది మొదట అక్కడే. మిగతా కార్లు ఎన్ని చుట్లు తిరిగినా ఆమెకు పట్టేది కాదు.

ఒక రోజు పొరపాటున ఏదో మీట తగిలి ఆట ఆగింది. తెర నడుమ చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అందులో ఒక ప్రశ్న, కింద పక్కపక్కన రెండు బటన్లు. అత్తకు ఇంగ్లీషు రాదు. ఏమని ఉందని అడిగింది.

"నిజంగానే ఆట ఆపేస్తావా అని అడుగుతాంది. ఎడమది నొక్కితే అవును. కుడిది నొక్కితే కాదు."

అత్త తెరకేసి చూస్తూ ఉండిపోయింది. "మనల్నే అడుగుతాందా?"

"ఊ."

"నేను ఏది నొక్కితే అదే చేస్తాదా?"

"అదే చేస్తాది."

ఆమె మౌసును మెల్లిగా కుడివైపు జరిపి నొక్కింది. కారు మళ్లీ కదిలింది. అత్త మొహం ఎంత వెలిగిందంటే, పందెం గెలిచిందేమో అనుకున్నాను. ఆ తర్వాత కావాలని మీట నొక్కి, ఆ ప్రశ్న అడిగించుకుని, కుడిది నొక్కడం ఆమెకు ఒక ఆట అయిపోయింది. మిషన్ వెంటనే పలక్కపోతే రెండుసార్లు గట్టిగా నొక్కి, "చెవుడేమో దీనికి" అనేది.

ఇంకోసారి వేరే సీడీలోని ఆట ఆ ప్రశ్ననే తిరగేసి అడిగింది, ఇంకా ఆడతావా అని. అత్త అలవాటు కొద్దీ కుడిది నొక్కింది. ఆట మూతపడిపోయింది. ఆమెకు ఎంత కోపం వచ్చిందో! "అడిగేది సక్కంగా అడగల్ల" అని దాని మొహాన ముసుగు కప్పేసి, రెండు రోజులు దాని దిక్కే చూడలేదు.

మా ఇంట్లో వద్దు అనడానికి "కుడిది" అన్న మాట అలా పుట్టింది. ఇంకో ముద్ద వడ్డించబోతే "కుడిది" అనేది. ఫలానావాళ్ల పెళ్లికి వస్తావా అంటే "కుడిది" అనేది. బయటివాళ్లకు అర్థమయ్యేది కాదు. మాకు అర్థమయ్యేది.

కార్ల ఆట తర్వాత ఆమె మనసు పడింది పేకముక్కల ఆట మీద. కంప్యూటర్‌తో పాటే వచ్చిన ఆట అది. చిన్నప్పుడు ఉగాదికి మగవాళ్లు పేకాట వేస్తుంటే వాళ్లకు మంచినీళ్లు అందించిందే కానీ, ముక్క చేత పట్టనివ్వలేదట. ఆఠీను, కళావరు, ఇస్పేటు అన్ని పేర్లూ దూరం నుంచి విని నేర్చుకున్నవే. ఆట పూర్తయితే ముక్కలన్నీ తెర మీద నుంచి ఎగిరెగిరి కిందికి దూకేవి. "సూడమ్మే, ఎట్ల దూకుతాండాయో!" అని చప్పట్లు కొట్టేది.

సరిగ్గా ఆ చప్పట్ల వేళకే కడప నుంచి మా పెదనాన్న దిగాడు. నాన్నకు వరసకు అన్న. మంత్రాలయం పోతూ దారిలో మా ఇంటికి వచ్చాడు. నడిమింటి గడపలోనే నిలబడిపోయి, తెర మీద ముక్కలను, వాటి ముందు కూర్చున్న చెల్లెలిని చూశాడు. నాన్నను నిద్ర లేపాడు.

"ఏమప్పా, ఇంట్లో పేకాట పెట్టినావా? స్వామి దర్శనానికి పోయేటోనికి ఇదా ఎదురు? మొగుడు పోయిన ఆడది ముక్కలేస్తా చప్పట్లు కొడతాంది! వీధిలోవాళ్లు ఏమంటారు?"

అత్త వెనక్కి తిరిగింది. "ఒక్కదాన్నే ఆడుకుంటే పేకాట యాడైతాదన్నా? పందెం ఎవురితో కాస్తా, గోడతోనా?"

నాకు నవ్వాగలేదు. నాన్న మాత్రం నవ్వలేదు. పెద్దమనిషి ముందు తల కొట్టేసినట్టైంది ఆయనకు. పెదనాన్న బస్సెక్కి పోయాక, ఆ సాయంత్రమే చెప్పేశాడు: "రేపట్నుంచి కంప్యూటర్ అంగట్లో ఉంటాది. దుమ్ము పడితే పడనీ."

అంగట్లోకి పోతే ఆడపిల్లలం మేం దాని ముఖం కూడా చూడలేం. ఇంటర్నెట్ సెంటర్లలో నా ఈడు మగపిల్లలు గంటలు గంటలు ఆడేవాళ్లు. నన్ను ఆ మెట్లు ఎక్కనిచ్చేవాళ్లు కారు. నాకూ అత్తకూ ఉన్నది ఆ ఒక్క కుర్చీ.

అత్త చెనక్కాయలు వలుస్తోంది. చేట పక్కన పెట్టింది.

"అన్నా, నన్నొకమాటు అడుగు."

"ఏమడగాల?"

"తీసకపోదునా, వద్దా అని అడుగు. ఆ మిషనే అడుగుతాది. నువ్వూ అడుగు."

నాన్నకు విసుగొచ్చింది. "సరే, అడుగుతాండా. తీసకపోదునా?"

"వద్దు."

ఆమె నాన్నకు అడ్డం చెప్పడం నేను అంతవరకూ వినలేదు. అంతటితో మాట ఆపలేదు కూడా. "బడి మాన్పించేటప్పుడు నన్ను అడగల్యా. పెండ్లి చేసేటప్పుడు అడగల్యా. ఆయన పోయినాక ఈడికి తెచ్చేటప్పుడూ అడగల్యా. నిన్ను తప్పు పట్టల్యా అన్నా. నువ్వు నన్ను బాగానే సూసుకుంటాండావు. కానీ ఇదొక్కటి అడిగినావు. వద్దంటాండా."

వంటింట్లోంచి అమ్మ, "ఆమేమన్నా నగలడిగిందా?" అంది పైకే వినపడేట్టు. నాన్న చొక్కా వేసుకుని అంగట్లోకి పోయాడు. నేను ఆ పొద్దు అన్నం తినలేదు.

మర్నాడు కంప్యూటర్ తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. "అంగట్లో ఘాటు శానా ఉండాది" అన్నాడు నాన్న, ఎవరూ అడక్కుండానే. తిరుగు ప్రయాణంలో పెదనాన్న మళ్లీ వచ్చాడు. ఆయన చెప్పుల చప్పుడు వినగానే నేను తెర ఆపేయబోయాను. అత్త నా చేయి పక్కకు తోసింది. "రా అన్నా, కూచ్చో. ఈ ఇస్పేటు రాణి యాడ పెట్టాలో సెప్పు" అంది. ఆయన కూర్చోలేదు కానీ, కాఫీ తాగుతూ నిలబడే, ఎక్కడ పెట్టాలో చెప్పాడు.

ఇక్కడ మీలో కొందరు ఒక మలుపు కోసం చూస్తుంటారు. ఆమె కంప్యూటర్ నేర్చుకుని అంగడి లెక్కలు దిద్దిందనో, నలుగురు ఆడవాళ్లకు నేర్పి ఆదర్శంగా నిలిచిందనో రాస్తే బాగుంటుంది. రాయను. అలాంటిదేమీ జరగలేదు. ఆమె ఆడుకుంది, అంతే. మగపిల్లలు ఆడుకుంటే ఎందుకని ఎవరూ అడగరు. మా అత్త ఆటకు మాత్రం ప్రయోజనం ఎందుకు చూపించాలి? ఎవరికీ పనికిరాని, ఎవరి ఆకలీ తీర్చని సంతోషం ఒకటి ఆమె తనకోసం ఉంచుకుంది. దాన్ని త్యాగం చేయమంటే చేయలేదు. అలాంటి మనిషిని పట్టుకుని త్యాగమయి అంటారా!

కర్నూలును నీళ్లు ముంచెత్తిన ఏడాది ఆ మిషన్ మునిగిపోయింది. మేడ మీద నుంచి దిగి వచ్చేసరికి నడిమింట్లో మోకాలి లోతు బురద. అత్త దాన్ని మంచినీళ్లతో కడిగి, మిద్దె మీద చాప పరిచి ఎండబెట్టింది. ఒక పక్క తడిసిన మిరపకాయలు, ఒక పక్క కీబోర్డు, మౌసు. కాకులను తోలుతూ, "ఎండితే లేస్తాదిలే" అనేది. లేవలేదు. ఆ తర్వాత కల్లూరుకు మారాం. చేతికి ఫోన్ వచ్చింది, అందులో ముక్కలాట వచ్చింది. "దీంట్లో అడిగేదే ల్యాదు, గమ్మున మూసుకుంటాది" అని సణుగుతూనే ఆడేది.

నా డిగ్రీ పూర్తి కాకముందే ఒక సంబంధం వచ్చింది. పెళ్లివారు హాల్లో కూర్చుని ఉన్నారు. అత్త గదిలోకి వచ్చి, నా మొహం చూసి, "కుడిదా?" అంది. తలూపాను. నేరుగా హాల్లోకి పోయి, "పిల్ల ఇంకా సదువుకుంటాదంట" అని చెప్పి వచ్చింది. ఇవాళ నేను కంప్యూటర్ల మీద బతుకుతున్నాను. ఆమెకు నేను థాంక్స్ చెప్పిన గుర్తు లేదు. చెప్తే తిట్టేది.

చివరికి ఆమె ఊపిరితిత్తులు మొండికేశాయి. నేను సెలవు పెట్టి వచ్చాను. ఆసుపత్రి కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఆమె మంచం మీద పడుతోంది. ముక్కుకు, నోటికి మాస్కు. మాట లేదు. డాక్టర్ నాన్నను పక్కకు పిలిచి, ఇక ఇంటికి తీసుకుపోతారా అని అడిగాడు. నాన్న ముసలివాడైపోయాడు. ఒకప్పుడైతే ఆ జవాబు ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు మంచం దగ్గరికి వచ్చి, ఆమె చెవి దగ్గర వంగాడు.

"ఏమ్మా, ఇంటికి పోదామా? ఇంక సాలనుకుందామా?"

కళ్లు తెరవలేదు. దుప్పటి మీద ఆమె చేయి కొద్దిగా కుడివైపు జరిగింది. చూపుడువేలు ఒకసారి నొక్కింది. నాన్న కదలకుండా చూస్తున్నాడు. బదులు రాలేదనుకుందేమో, ఈసారి రెండుసార్లు నొక్కింది, గట్టిగా.

నాన్న నిటారుగా నిలబడి డాక్టర్ వైపు తిరిగాడు. "కుడిది సార్" అన్నాడు. డాక్టర్‌కు అర్థం కాలేదు. నాన్న కండువాతో మొహం తుడుచుకుని మళ్లీ చెప్పాడు: "అడిగినాను సార్. వద్దంటాంది. మేం యాడికీ పోం."

ఆ తర్వాత ఇంకొన్నాళ్లు ఉంది. సెలవు అయిపోయి నేను బయల్దేరేటప్పుడు కూడా ఆ చేయి దుప్పటి మీద అలాగే ఉంది. అరచేయి కాస్త గూడులా ఎత్తి, చూపుడువేలు ముందుకు చాచి, మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనని సిద్ధంగా.