మద్రాసు రంగుల సభా, మేనేజరుగారి ఎర్ర తువ్వాలూ

తన కొంపకు తనే నిప్పెట్టుకుని, ఆ వెలుగులో పేపరు చదువుకోవచ్చని సంబరపడే మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. ఆ మహానుభావుణ్ణి నేనే.

డెబ్బైల్లో మాట. పామర్రు దగ్గర ఓ చేనేత సొసైటీలో నేను రంగుల మాస్టర్ని. నూలుకి రంగు వేయడం నా పని. మోచేతుల దాకా ఎప్పుడూ నీలంగానో ఎర్రగానో ఉండేవాణ్ణి. పెళ్లిచూపులకి వెళితే పిల్ల తండ్రి నా మొహం మానేసి చేతులు చూసేవాడు. అలాంటి నాకు, మద్రాసులో రంగుల మాస్టర్లంతా చేరే మూడు రోజుల సభకు రమ్మని అచ్చుకార్డు వచ్చింది! వారం రోజులు దిండు కింద పెట్టుకు పడుకున్నాను. నా చేతులు చూసి ఎవరూ మొహం చిట్లించని చోటు భూమ్మీద అదొక్కటే మరి.

ఖర్చు సొసైటీ పెట్టుకోవాలి. అంటే మేనేజరు వీరభద్రయ్యగారు ‘ఊఁ’ అనాలి. దానికంటే బెజవాడ బ్యారేజీని పామర్రుకి లాక్కురావడం తేలిక.

“కొత్త పద్ధతులు నేర్చుకొస్తానండీ.”

“అంటే ఇప్పుడు నీకు పని రాదనా?”

“అయ్యో, వచ్చండీ!”

“వస్తే వెళ్లడం ఎందుకోయ్?”

చూశారా? రాదంటే ఉద్యోగం పోతుంది. వచ్చంటే సభ పోతుంది. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ ఇదే గానుగ.

ఇక తెగించాను. ఎర్రరంగు వేశాక నూలుని సబ్బునీళ్లలో ఉడకబెడతాం. లేకపోతే నిలవని రంగంతా నీళ్లు తగలగానే దిగిపోతుంది. కావాలనే ఆ పని ఎగ్గొట్టి ఓ తువ్వాలు నేయించాను. ఆయన ఎదుటే బకెట్లో ముంచి, “చూశారా, మన రంగు ఎలా పోతోందో! మద్రాసు వెళితేగాని బాగుపడదు” అనాలని నా ఎత్తు.

బకెట్ తెప్పించేలోపే ఆయన తువ్వాలు లాక్కున్నారు.

“భలే ఎరుపోయ్! రేపు మా కొత్త వియ్యంకుడితో బెజవాడలో కృష్ణ స్నానం. ఇదే కట్టుకుంటా.”

వద్దండీ అందామని నోరు తెరిచాను. బకెట్లో కన్నా కృష్ణలో చూస్తే ఇంకా గట్టిగా నమ్ముతారు కదా అనిపించి, మూసేశాను.

రెండో మునక వేసి లేచారట. చుట్టూ నీళ్లు ఎర్రెర్రగా సుడులు తిరుగుతున్నాయట. వియ్యంకుడు ఒడ్డుకి పరిగెత్తి, “బావగారూ! మిమ్మల్ని ఏదో కరిచిందండీ!” అని కేకలు. ఘాటుఘాటంతా పోగైందట. ఆ రోజు కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా ఎర్రగానే పారిందని ఇప్పటికీ చెబుతారు. చెప్పేది నేనే అనుకోండి.

మర్నాడు పిలిచారు. పంచె కింద పిక్కలు దానిమ్మ గింజల్లా మెరుస్తున్నాయి.

“నువ్వన్నదే నిజమోయ్. సభకు మనిషి వెళ్లాల్సిందే. టిక్కెట్టు కూడా తీయించాను.”

నా కళ్లు చెమర్చాయి. “ఎన్నింటి బండండీ?”

“నీకెందుకు? వెళ్లేది నేను. రంగు నిలబెట్టడం రాని మాస్టర్ని పంపి, మద్రాసులో కూడా పరువు తీసుకోనా?”

ఐదో రోజున తిరిగొచ్చి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించారు.

“పెద్ద రహస్యం పట్టుకొచ్చానోయ్. రంగు వేశాక సబ్బునీళ్లలో ఉడకబెట్టాలట! నీకు తెలుసా?”

తెలుసంటే తువ్వాలు గుట్టు రట్టు. వియ్యంకుడి ముందు పోయిన పరువుకి నా తోలు వలుస్తారు.

“తెలీదండీ” అన్నాను, ఏడుపు దిగమింగుకుని.

“అనుకున్నా. రేపట్నుంచి నేనే దగ్గరుండి నేర్పిస్తా.”

నేర్పించారు. ఆయన రిటైరయ్యేదాకా, పదకొండేళ్లు. రోజూ పొద్దున్నే బాన పక్కన కుర్చీ వేసుకుని, “ఊఁ, ఇప్పుడు సబ్బు” అనేవారు. “ఓహో, సబ్బాండీ!” అని నేను రోజూ కొత్తగా ఆశ్చర్యపోవాలి.

అందుకని సూర్యచంద్రుల సాక్షిగా శపథం చేస్తున్నాను: నాకు పని రాదని ఇక ఏ పైఅధికారికీ రుజువు చేయను. రుజువు లేకుండానే నమ్ముతారు వాళ్లు.