వడ్డన పూర్తయ్యాకే ప్రార్థన

టెక్కలి నుంచి అక్కుపల్లి దాకా బస్సెక్కే జనంలో కండక్టర్ అంద్రెయ తెలియనివాళ్లు లేరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆరడుగుల మనిషికి సరిపోయేది. ఆ గొంతు పొద్దున్నించీ సాయంత్రం దాకా చేపల గంపల మీదే ఖర్చయ్యేది. గంప లోపల పెడతామని ఆడవాళ్లు, పైకెక్కించమని ఆయన. తీరా గంప పైకెక్కాక, కారిన నీళ్లు కిటికీలోంచి చొక్కా మీద పడితే మళ్లీ ఇంకో గొడవ. అయినా చేపలమ్మే ఆడవాళ్లకి ఆ బస్సే కావాలి. ఆయన తిట్టకపోతే వాళ్లకి ప్రయాణం చేసినట్టుండేది కాదు.

ఆయనకి అంతకంటే పెద్ద పేరు ప్రార్థన వల్ల వచ్చింది. టెక్కలి చర్చి సంఘంలో ఎవరింట్లో పెళ్లయినా, పుట్టినరోజయినా, భోజనాల ముందు ప్రార్థన అంద్రెయగారే చెయ్యాలి. ఆ ప్రార్థన కూడా ఆయన బస్సులాగే ప్రతి స్టాపులోనూ ఆగేది. టెక్కలిలో జ్వరపడ్డవాళ్లు, నందిగాంలో జీడితోట పూత రాలిపోయినవాళ్లు, పలాస జీడిపప్పు బట్టీల్లో చేతులు కాలినవాళ్లు, అక్కుపల్లిలో చేపల వేటకెళ్లినవాళ్లు, అందర్నీ ఎక్కించుకుంటేగానీ ఆమేన్ వచ్చేది కాదు. ఈలోగా పులుసు చల్లారిపోయేది. పిల్లలు ఒక కన్ను తెరిచి మాంసం కూరని చూసుకుంటూ ఉండేవారు. అయినా ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఎక్కడో ఒకచోట తమ పేరు కూడా వస్తుందని వాళ్ల ఆశ.

అన్నిటికంటే ఆయన గట్టిగా పట్టుకున్న నియమం ఇంకొకటుంది. విస్తట్లో అన్నీ పడాలి. ఉప్పు, పచ్చడితో సహా. వడ్డించేవాడు వచ్చి "అయిపోయిందండీ" అనాలి. అప్పుడు ప్రార్థన, ఆ తర్వాతే ముద్ద. ఒకసారి ఒక పెళ్లికొడుకు బావమరిది తొందరపడి అప్పడం కొరికితే, ఆ కరకర విని అంద్రెయ పంక్తి మొత్తాన్ని నిలబెట్టి మళ్లీ కూర్చోబెట్టాడు. ఆ కుర్రాడు ఇప్పటికీ అప్పడం తినేముందు అటూ ఇటూ చూస్తాడట.

ఇంత కబుర్లపోగు మనిషి ఒక్కగానొక్క కూతురు బ్లెస్సీ దగ్గర మాత్రం మాట జారి దెబ్బతిన్నాడు.

ఇంటర్ అయ్యాక బ్లెస్సీకి నర్సింగులో సీటొచ్చింది. అంద్రెయ ఆ సంగతి బస్సులో టికెట్టుతోపాటు అందరికీ పంచాడు. అంతా అయ్యాక ఆ పిల్ల నర్సింగొద్దు, విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంది. వంట నేర్చుకుంటుందట, అందులోనూ చేపలు కోసే వంట. అంద్రెయకి తల కొట్టేసినట్టయింది.

"సేపలు కొయ్యడానికి సదువెందుకే? అక్కుపల్లి బస్సెక్కితే సాల్దేటి?" అన్నాడు.

"కొయ్యడంలోనే ఉంది నానా సదువంతా," అంది బ్లెస్సీ.

"అయితే ఎల్లు. ఇంక నీ సేతి కూడు నాను తిన్ను."

కోపంలో అన్న మాట. మర్నాడు పొద్దున్నకే కోపం పోయింది. మాట మాత్రం పోలేదు. బ్లెస్సీ చదువుకి వెళ్లింది, సెలవులకి వచ్చింది, నాన్నతో నవ్వుతూ మాట్లాడింది. కానీ వంటింట్లోకి మాత్రం అడుగుపెట్టలేదు. ఒక గ్లాసు టీ అయినా కాచి ఇవ్వలేదు. అంద్రెయ ఆ టీ కోసం వాకిట్లో కూర్చుని దగ్గేవాడు, గొంతు ఎండిందనేవాడు. లోపల్నుంచి భార్య భాగ్యవతి గ్లాసు తెచ్చిచ్చేది. "క్షమించమ్మా" అనే ఒక్క మాట వస్తే పోయేది. ప్రపంచంలో అందరి తప్పులూ క్షమించమని దేవుణ్ని గడగడా అడిగే మనిషికి, ఈ చిన్నమాట కూతురి ముందు నాలుక చివరికొచ్చి ఆగిపోయేది. అలా ఏళ్లు గడిచాయి. ఆయనకి అది లోపల ముల్లులా ఉండిపోయింది.

రెండువేల ఏడులో బొంబాయి నుంచి ఫోనొచ్చింది. బ్లెస్సీ అక్కడ సముద్రం ఎదురుగా ఉన్న పెద్ద హోటల్లో, జపాన్ వంటకం సుషి పెట్టే రెస్టారెంటులో పనిచేస్తోంది. "నానా, నువ్వూ అమ్మా ఓపాలి రండి. మా పెద్ద సెఫ్ ఒప్పుకున్నాడు. నా సేత్తో నానే పెడతాను." ఒక్క క్షణం ఆగి, "తినాలనుంటేనే," అంది.

"వత్తన్నాం," అన్నాడు అంద్రెయ. ఫోన్ పెట్టేశాక భార్య వైపు తిరిగి, "తింతాను. ఏటెట్టినా తింతాను," అన్నాడు.

"పచ్చి సేపంట మావా," అంది భాగ్యవతి.

ఆయన మొహంలో రంగు కొంచెం మారింది. అయినా వెనక్కి తగ్గలేదు. అలవాటు చేసుకుంటే సరిపోతుందనుకుని, మర్నాడు అక్కుపల్లిలో బస్సు ఆగినప్పుడు చేపలమ్మే బొడ్డమ్మని పక్కకి పిలిచి, చిన్న పచ్చి ముక్క కోసిమ్మని చెవిలో అడిగాడు.

బొడ్డమ్మ గుండెమీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! కండట్రు బావుకి పిల్లి పూనిందేటే!"

బస్సు పలాస చేరేసరికి జనమంతా మియావ్‌మంటున్నారు. అంద్రెయ ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు. నోట్లో పెట్టుకున్న ముక్క మింగాలా ఉమ్మాలా అని తేల్చుకోలేక దారంతా మూతి బిగించుకుని ఈలతోనే బస్సు నడిపించాడు.

పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. భాగ్యవతి పెద్ద షెఫ్ కోసం గుడ్డసంచిలో జీడిపప్పు పట్టుకుంది. దారిపొడుగునా అంద్రెయ కిటికీలోంచి చూస్తూ, ఎవరూ అడగకుండానే "తింతాను" అనేవాడు.

హోటల్లో నేల మీద తన మొహం తనకే కనబడుతుంటే ఆయన చెప్పులు విప్పబోయాడు, భాగ్యవతి ఆపింది. మధ్యాహ్నం తలుపులు తెరిచేముందు, వాళ్లిద్దరినే కూర్చోబెట్టారు. పొడుగాటి చెక్క బల్ల, ఇటువైపు కుర్చీలు, అటువైపు తెల్లకోటు వేసుకుని, జుట్టు టోపీలో దాచుకుని బ్లెస్సీ. వెనక జపాన్ పెద్దాయన హయాషి, పెద్ద షెఫ్ ఆయనే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల అవతల కూతుర్ని అలా చూసి అంద్రెయ ఛాతీ విప్పారింది. డిపో మేనేజర్ సీట్లో కూర్చున్నట్టుంది పిల్ల, అనుకున్నాడు.

బ్లెస్సీ చేతులు తడి చేసుకుంది. వెచ్చటి అన్నం కొంచెం తీసి, వేళ్లతో రెండుసార్లు నొక్కి, పైన ఎర్రటి చేపముక్క పరిచి, చిన్న చెక్కపలకల మీద నాన్న ముందొకటి, అమ్మ ముందొకటి పెట్టింది. పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది.

అంద్రెయ ఒళ్లో చేతులు పెట్టుకుని కూతురి వైపు ప్రసన్నంగా చూశాడు. ఒక ఐటం పడింది. మిగతావి పడాలి కదా. అన్నం రాశి, పప్పు, కూర, చారు. పెద్ద హోటలు, వడ్డన మెల్లిగా ఉంటుంది కాబోలు. భర్త చెయ్యి కదలందే భాగ్యవతి చెయ్యి కదలదు.

బ్లెస్సీ చూస్తోంది. నాన్న ముట్టుకోలేదు.

ఈ సుషి అన్నది చేతిలోంచి దిగిన వెంటనే నోట్లోకి వెళ్లాలి. నిలవుంచితే అన్నం బిగుసుకుపోతుంది. హయాషి కాసేపు చూసి, ముందుకొచ్చి రెండు పలకల్నీ మర్యాదగా తీసేశాడు. బ్లెస్సీకి కళ్లతో సైగ చేశాడు. ఆమె మళ్లీ చేసింది, ఈసారి తెల్లచేప. అంద్రెయ దాన్నీ ఆప్యాయంగా చూశాడు. చేతులు ఒళ్లోంచి తియ్యలేదు. హయాషి దాన్నీ తీసేశాడు.

"ఇదెక్కడి వడ్డనే?" అని అంద్రెయ భార్య చెవిలో గొణిగాడు. "ఎట్టీసి లాగేసుకుంతన్నారు. ఆకు ఎప్పుడు నిండాల, నానెప్పుడు తినాల?"

ఆకలి కాదు ఆయన బాధ. అన్నేళ్లుగా మింగుతున్న మాటని ఇవాళ ఈ బల్ల దగ్గర దింపేసుకుందామని వచ్చాడు. అది దింపుకోవడానికి వీల్లేకుండా, పెట్టింది పెట్టినట్టే వెనక్కి పోతోంది.

మూడోసారి అన్నం తీసేటప్పుడు బ్లెస్సీ కళ్లు నాన్న చేతుల మీదే ఉన్నాయి. పుట్టి పెరిగిన ఇంటి పద్ధతి ఆ పిల్లకి తెలియనిది కాదు. కానీ భయం ఉన్నచోట ఏది తెలిసినా గుర్తుకి రాదు. ఆమెకి వినబడుతున్నది ఒక్కటే, నాన్న అప్పుడన్న మాట. పెట్టబోయిన ముక్క చేతిలోనే ఉంచుకుని, నవ్వబోయి నవ్వలేక, "పోనీలే నానా," అంది. "బలవంతం నేదు. కింద కేంటీన్లో ఇడ్లీలుంటాయి. తెప్పిత్తాను."

అంద్రెయ అదిరిపడ్డాడు. "అదేటి? వడ్డన అయిపోయిందేటి?"

"ఏటి వడ్డన?"

"అన్నీ ఎయ్యకుండా పార్దనెలా సేత్తానే? పార్దన సెయ్యకుండా ఎలా తింతాను? నాను దీని కోసమే కదేటి, రెండ్రోజులు రైలెక్కి వొచ్చినాను!"

ముందు భాగ్యవతికి నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత బ్లెస్సీ బల్ల పట్టుకుని నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే మోచేత్తో తుడుచుకుంటూ నవ్వింది. హయాషికి ఇంగ్లీషులో సంగతి చెప్పింది. ఆ పెద్దాయన అంద్రెయ వైపు నడుం వంచి, తల దించుకుని నిలబడ్డాడు, ప్రార్థనకి.

"ఇక్కడ ఒక్కోటే వత్తాది నానా. వచ్చింది వచ్చినట్టే బేగి తినీయాల," అంది బ్లెస్సీ. కొత్తగా చేసి ఆయన ముందు పెట్టింది.

అంద్రెయ కళ్లు మూసుకున్నాడు. భాగ్యవతి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. టెక్కలి నుంచి అక్కుపల్లి దాకా ఎంతదూరమో ఆమెకి తెలుసు.

"ప్రేమగల తండ్రీ," అన్నాడు అంద్రెయ. ఆగాడు. ఒక కన్ను కొంచెం తెరిచి చూశాడు. కూతురి వేలికి ఒక మెతుకు అంటుకుని ఉంది. మళ్లీ మూసుకున్నాడు. "నా బిడ్డ చేతి కూడు నాకు దయచేశావు. వద్దని నేనన్న మాట తప్పు. క్షమించమని ఆమెనే అడుగుతున్నాను. ఆమేన్."

అంద్రెయ ఆ ముక్క తీసి మొత్తంగా నోట్లో పెట్టుకున్నాడు. వెన్నలా కరిగింది. పుల్లగా, వెచ్చగా ఉంది అన్నం. బొడ్డమ్మ ముక్కకీ దీనికీ పోలికే లేదు. ఆయన నమిలాడు, మింగాడు, పెదాలు తుడుచుకున్నాడు.

"ఎలగుంది నానా?"

"ఉప్పు సరిపోయింది," అన్నాడు. ఇంట్లో ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎప్పుడూ రాలేదు. తల్లీకూతుళ్లిద్దరికీ అది తెలుసు.

ఇక బండి ఆగలేదు. రొయ్య వచ్చింది, సముద్రపు నాచులో చుట్టింది వచ్చింది, గుడ్డట్టు పరిచింది వచ్చింది. ఆయన పెట్టింది పెట్టినట్టే తిన్నాడు, ప్రతిదానికీ తల ఊపాడు. ముక్కు ఘాటెక్కే పచ్చముద్ద ఒకటి తగిలినప్పుడు ఎగిరి కూర్చుని, ఇదెక్కడి మిరపకాయని అడిగాడు. భాగ్యవతి జీడిపప్పు సంచి ఇచ్చింది. హయాషి అక్కడే ఒక పలుకు కొరికి, రెండు చేతులూ జోడించాడు.

అప్పుడు అంద్రెయకి ఒక సంగతి తట్టింది. చేతిలో ముక్క పట్టుకుని, బల్ల అవతల నిలబడ్డ కూతుర్ని చూశాడు.

"నువ్వు తిన్నావా అమ్మా?"

బ్లెస్సీ తల అడ్డంగా ఊపింది. బల్ల అవతల నిలబడ్డవాళ్లు ఇటువైపు కూర్చుని తినరు, అది ఇక్కడి పద్ధతి. ఏమడిగాడని హయాషి ఆమెని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన ఆమె టోపీ తీసి పక్కన పెట్టాడు, బల్లకి ఇవతలికి వెళ్లమని చెయ్యి చూపించాడు, తనే చేతులు కడుక్కున్నాడు.

బ్లెస్సీ చుట్టూ తిరిగొచ్చి అమ్మకీ నాన్నకీ మధ్య కూర్చుంది. ఆ పెద్దాయన అన్నం నొక్కి, చేప పరిచి, తన దగ్గర పనిచేసే పిల్ల ముందు పెట్టాడు. ఆమె దాన్ని చూస్తూ అలాగే ఉండిపోయింది.

"తినీయమ్మా," అన్నాడు అంద్రెయ. "సల్లారిపోద్ది."