కుడిపక్క మైకు

అక్క పాడేది, చెల్లెలు వయొలిన్ వాయించేది. ఇన్నేళ్లలో చెల్లెలు ఏనాడూ సభవైపు కన్నెత్తి చూడలేదు. ఆమె చూపంతా కుడిపక్కన కూర్చున్న అక్క గొంతు మీదే. అక్కడ నరం కాస్త ఉబ్బిందంటే అక్క పైస్థాయికి వెళ్లబోతోందని తెలిసిపోయేది. పాట బయటికి వచ్చేసరికి తీగల మీద కమాను సిద్ధంగా ఉండేది.

"ఇది నా గొంతులోనే కాపురం పెట్టింది" అని అక్క అందరితోనూ చెప్పి నవ్వేది.

కిందటేడు అక్కతోపాటే ఆ గొంతూ ఆగిపోయింది.

ఇప్పుడు లైబ్రరీ హాల్లో చెల్లెలు ఒక్కతే వాయించాలి. వాయించడం కాదు కష్టం, జనం ఎదుట తలెత్తుకుని కూర్చోవడం. అక్కను చేసుకున్న బావకు మైకుసెట్ల వ్యాపారం. రిహార్సల్ రోజున చివరి వరుసలోంచి కేకేశాడు.

"ఏంటి మరదలుపిల్లా, ఆ గోడకి వినిపిస్తున్నావా? మేం ఇటున్నాం!"

"అలవాటు బావా."

"నీ ఫోటో స్టూడియోలో పొద్దస్తమానం 'ఇటు చూడండి, గడ్డం ఎత్తండి' అని జనం ప్రాణాలు తోడేస్తావు కదా. నీ గడ్డం ఎవరెత్తాలి?"

ఆమెకు నవ్వొచ్చింది. కమాను మళ్లీ ఎత్తింది. రెండు వరుసలు వాయించిందో లేదో, మొహం కుడివైపుకి తిరిగిపోయింది.

"పోనీ, కళ్లు మూసుకుని వాయించు."

"మూసుకుంటే ఇంకా బాగా కనిపిస్తుంది బావా."

అతను వైర్లు చుట్టుకోసాగాడు.

కచేరీ రోజు తెర లేచింది. ఆమె పక్కకి చూసింది. కుడిపక్కన ఇంకో మైకు ఉంది, కూర్చున్న మనిషి నోటికి సరిగ్గా అందే ఎత్తులో. చేతి అలవాటు కొద్దీ బావ ఎప్పటిలాగే రెండూ పెట్టేశాడు. ఆమె కమాను ఎత్తింది. ఎలాగో మొదలుపెట్టింది కానీ ప్రతి వరుస చివరా గొంతు కోసం ఆగుతోంది. జనంలో గుసగుసలు బయలుదేరాయి.

బావ వంగి వంగి వేదిక ఎక్కాడు.

"నా చేతులు విరగ! ఎలా పెట్టానో ఏమో" అని గొణుగుతూ ఆ మైకు ఎత్తుకుపోయాడు. అతను వెళ్లినవైపే ఆమె చూపూ వెళ్లింది. హాలు చివర, తన సౌండ్ మిక్సర్ దగ్గర నిలబడ్డాడు. దాని మీది చిన్న దీపం వెలుగులో అతని పెదవులు కదులుతున్నాయి. పాట పాడుతున్నాడు, శబ్దం లేకుండా. పాట రాని మనిషి, అక్క ఊపిరి తీసుకునే చోటల్లా తనూ ఊపిరి తీసుకుంటున్నాడు.

ఆమె ఆ పెదవుల వెంట వాయించుకుంటూ పోయింది. వాటిని చూడాలంటే అన్ని తలల మీదుగా మొహం ఎత్తాలి. ఎత్తింది. ముందు వరుసలోని పెద్దావిడ, తనవైపే చూస్తోందనుకుని సర్దుకుని కూర్చుంది.

పాట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. అతని పెదవులు మాత్రం ఆగలేదు. చివరి చరణం అక్క రెండుసార్లు పాడేది.

చప్పట్లు సద్దుమణగకముందే, సభవైపు చూస్తూనే, ఆమె కమాను మళ్లీ తీగ మీద పెట్టింది.