నాలుగో రీలు తర్వాత మూడోది

ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నేను కోతలు కోస్తానని ఉప్పల్‌లో అందరికీ తెలుసు గనక ఒట్టు ముందే వేస్తున్నాను. ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఎనభైల్లో నాచారంలో, మా కాలనీ హాల్లో, ఆదివారాలు ఫిల్మ్ క్లబ్ నడిచేది. ప్రొజెక్టర్ నడిపేది నేనే. ఒకసారి ఒక రష్యా దర్శకుడి సినిమా వచ్చింది. నాలుగు రీళ్లు. మాటలు తక్కువ, వాన ఎక్కువ. మూడో రీల్లో ఒకామె బావి నుంచి నీళ్లు మోసుకుని ఇంటికొస్తుంది. నాలుగో రీల్లో చనిపోతుంది. డబ్బాల మీద కాగితాలు ఊడిపోయి, నేను మూడోదాని కంటే నాలుగోది ముందు వేశాను. మధ్యలోనే 'సమాప్తం' పడింది, రష్యన్ అక్షరాల్లో. అవి చదవడం ఎవరికొచ్చు? అలా, చనిపోయినామె చివర్లో నీళ్లతో ఇంటికొచ్చింది. ముందు వరసలో కూర్చునే, దగ్గర్లోని ప్రయోగశాలల సైంటిస్టులు "కాలాన్ని తిరగేశాడు చూడండి" అనుకుంటూ చాయ్ చల్లారబెట్టుకున్నారు.

వెనక బెంచీలో నర్సింహ మాత్రం లేవలేదు. పక్క ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. భార్య పోయి ఏడాది. వాళ్లమ్మ బోడుప్పల్‌లో మరో సంబంధం ఖాయం చేసింది. నేను రీళ్లు చుడుతుంటే దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఆమె సచ్చిపోయింది గద. మల్ల నీళ్లు దెచ్చుడేంది?"

"సినిమా అంటే గదే నర్సింహా. పోయినోళ్లు ఇంటి తోవ మర్వరు."

"నిజంగ గట్లనే దీసిండా?"

"మరి నేను దీసిన్నా?"

అతను నవ్వలేదు. రీళ్లు తారుమారయ్యాయని అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? చెప్పిన కథ వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు, అంతేనా?

వారం తిరక్కముందే అతను సంబంధం వద్దన్నాడు. తల్లి ఆ దిగులుతోనే పోయింది. ఇప్పటికీ రామంతాపూర్‌లో ఒంటిగా ఉంటాడు. పొద్దున్నే నల్లా దగ్గర రెండు బిందెలు పడతాడు. ఒకటి వాడుకుంటాడు, రెండోది గడప లోపల పెట్టి ముట్టడు. సాయంత్రం దాన్ని మొక్కలకు పోస్తాడు. మొన్న వెళ్తే, ఆ సినిమా చూడకపోతే ఆగమైపోయేవాణ్ని అన్నాడు. నేను చాయ్ తాగి వచ్చేశాను. అతన్ని ఆ సినిమా నిలబెట్టిందా, లేక ఒక మనిషి బతుకును నేను ఆ ఆదివారం దగ్గరే ఆపేశానా? అతను సుఖంగానే కనబడతాడు. అదే నాకు ఎక్కువ బాధ.

ఇంకొక్క మాట చెబితే గాని ఈ బరువు దిగదు. పైన ఒకటి కల్పించాను. కాగితాలు ఊడలేదు. డబ్బాల మీద అంకెలు ఎర్ర సిరాతో అరచెయ్యంత ఉన్నాయి. అర్థమైనట్టు తలలూపే ఆ పెద్దమనుషుల్లో ఎవరు పట్టుకుంటారో చూద్దామని కావాలనే మార్చాను.

పట్టుకున్నవాడు ఒక్కడే. అతనికే అబద్ధం చెప్పాను.