మల్లేశ్‌కు ఇచ్చిన కిటికీ

ఆ డిసెంబరు ప్రయాణంలో ఉన్నవాళ్లు: నేను, మల్లేశ్, ఎదుటి బెర్తుల్లో పెళ్లికి వెళ్తున్న ఒక కుటుంబం. ఉన్నవి: నీలిరంగు పాత స్లీపర్ పెట్టె, మా సంచులు, నా రెండు దుప్పట్లు, వాడి ఒక్క శాలువా, పూర్తిగా దిగని ఒక కిటికీ షట్టర్. ఆ చివరిదాని బరువు ఏడేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను.

రాజస్థాన్‌లో పరుగు పరీక్షకు వెళ్తున్నాం. రాతపరీక్ష ఇద్దరం దాటాం. ఇదీ దాటితే ప్రభుత్వ ఉద్యోగం. వయసు లెక్కన మల్లేశ్‌కు అదే ఆఖరి అవకాశం. అంతకుముందు రోజూ శామీర్‌పేట చెరువు కట్ట మీద కలిసి పరిగెత్తేవాళ్లం. నేను కొంపల్లి నుంచి బండి మీద వచ్చేవాణ్ని. వాడు నాకంటే వేగం. నేను వెనకబడితే ఆగి, తిట్టి, చెయ్యి పట్టి లాక్కెళ్లేవాడు.

మేడ్చల్‌లో రైలెక్కాం. కింది బెర్తు నాది, పైది వాడిది. వాడు తలుపు దగ్గర నిలబడి వాళ్ల నాయినతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను మెకానికల్ డిప్లొమా చదివాను. ఏది కనబడినా కదిపి చూడటం అలవాటు. కిటికీకి అద్దం లేదు. ఇనుప షట్టర్ బిగుసుకుపోయి, కింద నాలుగు వేళ్ల సందు ఉండిపోయింది. ఉత్తరానికి పోయేకొద్దీ అందులోంచి ఎంత చలి కొడుతుందో నాకు తెలుసు.

వాడు రాగానే అన్నాను: "కింద నువ్వు పడుకో. నీకు కిటికీ ఇష్టం కదా."

"ఏందిరా, మీ గోదారోళ్లకు గింత దయ యాడికెల్లి వచ్చింది?" నవ్వాడు. "నిజంగనే ఇస్తున్నవా?"

"తీసుకో."

చలికి భయపడ్డానా? వాడు నాకంటే ముందుంటాడని భయపడ్డానా? చలికే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఒక్క చలికే అయితే, నా రెండో దుప్పటి ఆ సందులో కుక్కడానికైనా కిందికి ఇచ్చేవాణ్ని కదా. ఇవ్వలేదు.

తెల్లారి చూస్తే, సందులో పాత పేపరు కుక్కి, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. గొంతు బొంగురుపోయింది. నన్నెందుకు లేపలేదని అడిగితే, మంచిగ పండుకున్నవ్ గదా అన్నాడు.

మర్నాడు పరుగు. ఉద్యోగం నాకొచ్చింది. జ్వరంతో దిగిన మల్లేశ్ మధ్యలోనే కూలబడ్డాడు.

ఇప్పుడు వాడు తూంకుంటలో ఒక టైల్స్ దుకాణంలో పనిచేస్తున్నాడు. పోయిన నెల కలిసి టీ తాగుతుంటే ఆ ప్రయాణం గుర్తుచేసుకున్నాడు.

"అందరు మంచిగనే జేసిన్రురా నాకు. నువ్వు కూడ. నా పానమే నన్ను మోసం జేసింది."

నేను అవునన్నట్టు తలూపాను.

షట్టర్ సంగతి ముందే తెలిసీ దాచడం కంటే ఆ తలూపడమే పెద్ద ద్రోహమేమో. వాడి ముఖం చూసి చెప్పే ధైర్యం ఇంకా లేదు. వస్తుందా? తెలియదు. ఇక్కడ రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి కోరే హక్కు నాకు లేదు.

మైదానం చుట్టూ పరిగెత్తాల్సినవి నాలుగు చుట్లు. నేను నాలుగు. మల్లేశ్ రెండు.