చెర్రీ బ్రాందీ, ఒక్క ముక్క కేకు

ఇవాళ దుకాణంలో చెర్రీ బ్రాందీ సీసా మూత తీయగానే గుప్పున వాసన కొట్టింది. రూతక్క పక్కనే నిలబడ్డట్టు అనిపించింది. ఇబ్రహీంపట్నంలో మా వీధి చివర, ఇంట్లోనే కేకులు చేసి అమ్మేది ఆమె. నాకు పని నేర్పింది ఆమే. ఆమె ముక్కు తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకరోజు ఉడుకుతున్న చెర్రీ పాకంలో నేను బ్రాందీ పోసేశాను. వాకిట్లోంచే కేకేసింది: "పొయ్యి మీదనే పోసినవా ఏందే? వాసనంత గాలికి పాయె. దించి, చల్లారినంక పొయ్యాలె." ఆ పాకం పూసిన కేకు తింటూ జనం మాటలు మరిచిపోయేవారు. క్రిస్మస్ కేకు కోసం ఎండుద్రాక్షలు నెల ముందే ఆ బ్రాందీలో నానేవి. రూతక్క మాత్రం ఒక్క ముక్కయినా నోట్లో పెట్టుకోగా నేను చూడలేదు. అన్నీ వాసనతోనే తేల్చేది.

ఒకసారి తుక్కుగూడ నుంచి ఒకావిడ పెళ్లిరోజు కేకు తీసుకెళ్లడానికి వచ్చింది. నేను మొదటిసారి ఒంటరిగా చేసిన కేకు అది. పొంగిపోతున్నాను. ఆవిడ నవ్వుతూ, "మా ఆయన మందు మానేసి ఏడు నెలలైందక్కా. మొదటి ముక్క ఆయనకే పెడత," అంది. నేనేమో పొరపొరకూ బ్రాందీ పాకం పూశాను. అయినా నోరు విప్పలేదు. చెర్రీ వాసనే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, సిగ్గులేకుండా డబ్బాకు దారం కూడా కట్టాను. లోపలి నుంచి అంతా విన్న రూతక్క వచ్చి డబ్బా మీద చేయి పెట్టింది.

"ఇందుల మందున్నదమ్మా. ఇది నీకియ్య. సాయంత్రం దాంక ఆగు, వేరేది చేసిస్త."

"చుట్టాలొస్తున్రు, ఇప్పుడు చెప్తరా?" అని ఆవిడ మండిపడింది. రూతక్క ఆ తిట్లన్నీ తలవంచుకుని పడింది. నా పేరు ఎత్తలేదు.

కొత్త కేకుకు గుడ్లు గిలకొడుతూ నేను గొణిగాను: "అంత పెద్ద కేకుల రెండు చెంచాలే కదక్కా?" ఆమె చేతిలో పని ఆగలేదు. "మా ఆయన మానేసి, మల్ల మొదలువెట్టింది ఒక్క ముక్క కేకుతోనే. గది నేను చేసిన కేకే," అంది. మళ్లీ మొదలైన ఆ తాగుడుతోనే ఆయన పోయాడట. భర్తను పోగొట్టిన సీసాను ఆమె పగలగొట్టలేదు. దాన్నే చేత్తో పట్టుకుని పదిమంది పండుగలకు కేకులు చేసింది. అంత నిబ్బరం నేను మరొకరిలో చూడలేదు.

రూతక్క ఇప్పుడు లేదు. మన్నెగూడలో నా దుకాణానికి వచ్చే ప్రతి ఒక్కరినీ, "తినేటోళ్లల్ల మందు మానేసినోళ్లున్నరా?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. ఒకాయన కోప్పడి వెళ్లిపోయాడు కూడా. ఇవాళ సీసా చేతిలో ఉండగానే ఒక యువకుడు వచ్చాడు. అడిగితే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నేనేనక్కా. నాలుగు నెలలైంది," అన్నాడు.

మూత గట్టిగా బిగించి, సీసాను అతనికి కనబడకుండా లోపల పెట్టి వచ్చాను.